సమస్యాపూరణం: గెలువకున్నవాడె గెలిచినాడు

నిర్వాహకుడు (బర్నబీ):
అందరికీ నమస్కారం. ఈసారి సమస్య మంచు మీద, మంచు హాకీ ఆట చూస్తుంటే పుట్టింది. అందుకని ముందు కాస్త కథ చెప్పాలి.

కెనడాలో వాంకూవర్ నుంచి నాలుగైదు గంటలు కారులో వెళ్తే పెంటిక్టన్ అనే చిన్న ఊరు వస్తుంది. అటు ఒకనాగన్ సరస్సు, ఇటు స్కాహా సరస్సు, మధ్యలో ఊరు. సెప్టెంబరులో అక్కడ ఎండ బాగానే ఉంటుంది, దారి పొడుగునా పళ్ళ తోటలు. సౌత్ ఒకనాగన్ ఈవెంట్స్ సెంటర్ తలుపు తీసి లోపలికి అడుగు పెడితే మాత్రం చలికాలం. వాంకూవర్ కనక్స్ అనే హాకీ జట్టు 2010లో అక్కడ యంగ్ స్టార్స్ అనే పోటీ మొదలుపెట్టింది. అసలు సీజన్ ఇంకా మొదలు కాదు, పేరున్న ఆటగాళ్ళు ఎవరూ ఉండరు. కొత్తగా డ్రాఫ్టులో (పెద్ద జట్లు వంతులవారీగా కుర్రాళ్ళని ఎంచుకునే చోట) ఎంపికైన పిల్లలు, కాంట్రాక్టు లేకుండా ‘వచ్చి ఆడి చూపించు’ అని పిలిపించుకున్న పిల్లలు ఆడతారు. పద్దెనిమిదీ ఇరవై ఏళ్ళ వాళ్ళు. వీపు మీద డెబ్భైలు, ఎనభైలు, తొంభైల నంబర్లు. చిన్న నంబర్లన్నీ పెద్దవాళ్ళవి కదా! ఆ తరువాత పెద్ద పేరు తెచ్చుకున్న కానర్ మెక్‌డేవిడ్ 2015లో ఎడ్మంటన్ చొక్కాతో ఆడుతుంటే జనం చూసింది కూడా ఇక్కడే.

నేను వెళ్ళిన రోజు ఒక కుర్రాడు కంటబడ్డాడు. తొంభై దాటిన నంబరు. మూడో పీరియడ్‌లో అవతలి వాళ్ళ నీలిగీత (వాళ్ళ గోల్ వైపు హద్దు) దగ్గర పక్ (కర్రతో కొట్టే వస్తువు) పోగొట్టుకున్నాడు. అవతలి వాళ్ళు ఇద్దరు అందుకుని దూసుకుపోతున్నారు, అడ్డం ఉన్నది ఒక్కడే. వీడు అప్పటికే అలిసిపోయి ఉన్నాడు. హాకీలో ఒక విడత నలభై అయిదు సెకన్ల పాటు ఆడితేనే ఊపిరి అందదు, వీడు అంతకంటే ఎక్కువ సేపు మంచు మీదే ఉండిపోయాడు. అయినా తిరిగాడు. వంద అడుగుల పైన వెంటబడి, చివర్లో బోర్లా పడుతూ కర్ర చాచాడు. పక్ కర్ర కొసకి తగిలి మూలకి పోయింది. వాళ్ళ బెంచి మీద పిల్లలంతా కర్రలతో గోడని టకటకా కొట్టారు. పై వరసలో కాఫీ పట్టుకుని కూర్చున్న స్కౌట్లలో, అంటే జట్ల కోసం ఆటగాళ్ళని వెతికేవాళ్ళలో, ఒకాయన కప్పు కింద పెట్టి ఏదో రాసుకున్నాడు. వాడు గోల్ వేయలేదు. వాడి జట్టు రెండు గోల్స్ తేడాతో ఓడింది. తిరుగు దారంతా నాకు వాడే గుర్తొచ్చాడు.

ఛందస్సు ఆటవెలది. సమస్య నాలుగో పాదం:

గెలువకున్నవాడె గెలిచినాడు

యతి ముఖ్యం. ఇంగ్లీషు మాటలు ఆట కోసం అవసరమైతే వాడండి, కానీ గణంలో కుదరాలి.

బర్నబీ మిత్రుడు:
నేనూ ఆ రోజు మీ పక్క సీటులోనే ఉన్నాను కాబట్టి మొదటి పూరణ నాదే.

స్కోరుబోర్డు మీద చూచిన నోటమే
స్కౌటు పుస్తకాన గలదు పేరు
పడియు లేచి పక్కు పట్టెను గావున
గెలువకున్నవాడె గెలిచినాడు

కాకినాడ మాస్టారు:
శుభారంభం. రెండో పాదం చాలా హాయిగా నడిచింది. ‘స్కౌ’కి ‘గ’ యతి సరిపోయింది. సంయుక్తాక్షరంలో కకారం ఉంది కనుక ఇబ్బంది లేదు. మొదటి పాదంలో ‘స్కో–చూ’ కూడా అలాగే, అక్కడ సకారం పనికొచ్చింది.

ఒక్క మాట. ‘పక్కు’ అంటే మనకు పుండు ఎండి కట్టే పక్కు. పద్యం వినేవాడికి మొదట అదే తడుతుంది. అసలు ఆ వస్తువు ఎలా ఉంటుంది నాయనా?

నిర్వాహకుడు:
నల్ల రబ్బరు బిళ్ళ మాస్టారూ. అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు, నూట డెబ్భై గ్రాముల లోపు బరువు. ఆటకు ముందు దాన్ని గడ్డ కట్టిస్తారు, లేకపోతే మంచు మీద బంతిలా ఎగురుతుంది.

కాకినాడ మాస్టారు:
నువ్వే అనేశావు, బిళ్ళ! మనం చిన్నప్పుడు ఆడిన కర్రాబిళ్ళలో కర్ర ఉంది, బిళ్ళ ఉంది. ఇక్కడా కర్రే, బిళ్ళే. ‘పడియు లేచి బిళ్ళ పట్టెను గావున’ అంటే గురువు, లఘువు అలాగే ఉంటాయి, యతి చెడదు, మాట మనదవుతుంది. ఈ చర్చలో ఇకపై అందరూ ‘బిళ్ళ’ అనే వాడితే నాకు సంతోషం.

బర్నబీ మిత్రుడు:
వెంటనే మార్చుకుంటున్నాను. పద్యం సొంతింటికి వచ్చినట్టుంది.

హైదరాబాదు సభ్యురాలు:
మంచు హాకీ నేను ఎప్పుడూ నేరుగా చూడలేదు. కాలేజీలో గడ్డి మీద హాకీకి గోల్‌కీపర్‌ని. ఆ కష్టం తెలుసు కాబట్టి నా పూరణ గోల్‌కీపర్ మీద.

అడ్డుగోడవోలె నాపెను షాట్లన్ని
ఒక్క గోలు పోయె నోడిపోయె
చేవ చూచి జట్టు చేర్చుకొన్నది గాన
గెలువకున్నవాడె గెలిచినాడు

కాకినాడ మాస్టారు:
అమ్మా, ‘పోయె నోడిపోయె’ చదువుతుంటే నాకు గొంతు పట్టేసింది. ఒక్క అరక్షణం పొరపాటుకి మొత్తం ఆట పోవడం ఆ రెండు మాటల్లో వచ్చేసింది. మూడో పాదం చివర ‘కొన్నది గాన’ విరుపు కూడా శుద్ధంగా ఉంది.

అయితే అర్థంలో చిన్న చిక్కు. షాట్లన్నీ ఆపాడన్నారు. వెంటనే ఒక గోలు పోయిందన్నారు. అన్నీ ఆపితే అది ఎలా పోయింది?

హైదరాబాదు సభ్యురాలు:
అయ్యో, నిజమే మాస్టారూ. ‘షాట్లెన్నొ’ అంటే?

కాకినాడ మాస్టారు:
అంతే! ‘నాపెను షాట్లెన్నొ’. గణం అదే తగణం, మారినవి రెండు అక్షరాలే. ఇప్పుడు పద్యం నిజం చెబుతోంది.

సర్రే అక్కయ్య:
మా ఊరి పిల్లాడి మీద రాశాను. అర్ష్‌దీప్ బెయిన్స్. మాకు నాలుగు వీధుల అవతల పంజాబీ వాళ్ళు ఎక్కువ, వాళ్ళ పిల్లలు హాకీ కర్రలు పట్టుకుని తిరుగుతుంటే పదేళ్ళుగా చూస్తున్నాను. టీవీలో హాకీ కామెంటరీ పంజాబీలో కూడా వస్తుంది ఇక్కడ, అది 2008 నుంచీ ఉంది. డ్రాఫ్టులో ఏడు రౌండ్లు ఉంటాయి. 32 జట్లు, మొత్తం 224 పేర్లు పిలుస్తారు. బెయిన్స్ పేరు ఎవరూ పిలవలేదు. 2021–22లో రెడ్ డీర్ జట్టుకి ఆడి 112 పాయింట్లతో వెస్టర్న్ హాకీ లీగ్ అనే జూనియర్ లీగ్ మొత్తంలో మొదటి స్థానంలో నిలిచాడు. అప్పుడు కనక్స్ సంతకం పెట్టించుకుంది. 2024 ఫిబ్రవరిలో పెద్ద లీగ్‌లో, అంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో, మొదటి ఆట ఆడాడు. ఆ రాత్రి మా వీధిలో కొన్ని ఇళ్ళలో దీపాలు ఆర్పలేదు.

ఏడు చుట్లు తిరిగె నెవ్వరు పిలువక
సర్రె కుర్రవాడు జంకలేదు
నేడు పెద్ద జట్టు నీలి చొక్కా వేసె
గెలువకున్నవాడె గెలిచినాడు

కాకినాడ మాస్టారు:
అక్కయ్యగారూ, ‘ఏడు చుట్లు తిరిగె’ అన్నది రౌండ్లకి అచ్చమైన తెలుగు. ‘సర్రే’ని ‘సర్రె’ అని కుదించారు. మన పాత కవులు పరభాషా పేర్లను ఇంతకన్నా ఎక్కువే వంచారు, కనుక తప్పు పట్టను. ‘జంకలేదు’ యతి స్థానంలో చక్కగా కూర్చుంది. మూడో పాదంలో ‘నేడు’ దగ్గర మాత్రం ఆగాను. ‘ఎవ్వరూ పిలవని’ రోజుకీ ‘నేటి’కీ మధ్య ఎన్నేళ్ళో పద్యంలో తెలియదు. కానీ నాలుగు పాదాల్లో అంత పెట్టడానికి చోటు లేదు. ఉండనివ్వండి.

నిర్వాహకుడు:
ఇక్కడ ఒక సంగతి చేర్చాలి. బెయిన్స్ కంటే ముందు రాబిన్ బావా ఉన్నాడు. బ్రిటిష్ కొలంబియాలోనే పుట్టినవాడు. భారతీయ మూలాలున్న వాళ్ళలో ఆ లీగ్‌లో మొదట ఆడింది అతనే, 1989లో. డ్రాఫ్టులో పేరు రాని వాళ్ళంటే నాకు మార్టిన్ సెయింట్ లూయీ కూడా గుర్తొస్తాడు. పొట్టివాడని ఎవరూ తీసుకోలేదు. 2004లో టాంపా జట్టుతో ఆ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు గెలిచాడు, 2018లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. పేరు వచ్చినా అట్టడుగున వచ్చిన వాళ్ళూ ఉన్నారు. 1999లో 210వ పేరు హెన్రిక్ జెటర్‌బర్గ్, తరువాత డెట్రాయిట్‌కి కెప్టెన్. ఈ కుర్రాళ్ళ ఆటలకు నేను ప్రతి ఏడూ పోయేది వీళ్ళ కోసమే. పై వరసలో వచ్చిన వాళ్ళని అందరూ చూస్తారు. నేను ఆఖరి నంబర్ల వాళ్ళని చూస్తాను.

టొరంటో తమ్ముడు:
అందరికీ నమస్కారం. పద్యం రాయడం ఇదే మొదటిసారి, టెన్షన్‌గా ఉంది. నేను ఇక్కడ పిల్లల జూనియర్ ఆటలు చూస్తుంటాను. రింక్ చుట్టూ అద్దాల గోడ ఉంటుంది. తెల్లవారుజామున అయిదింటికి పిల్లల్ని తీసుకొచ్చి, ఆ అద్దానికి ముఖం ఆనించి నిలబడే తల్లుల మీద రాయాలనిపించింది.

అమ్మ చూచుచుండె అద్దం వెనకాల
కొడుకు గోలు లేక కుములుచుండె
చేయి యూపె తల్లి చెమ్మకన్నులతోడ
గెలువకున్నవాడె గెలిచినాడు

కాకినాడ మాస్టారు:
నాయనా, మొదటిసారి ఇంత రాశావంటే నీ చెవి మంచిది. రెండు, మూడు పాదాలు ముట్టుకోనక్కర్లేదు. మొదటి పాదం చూద్దాం. మూడు సూర్యగణాలు ‘అమ్మ – చూచు – చుండె’ సరే. తరువాత రెండు ఇంద్రగణాలు కావాలి. ‘అద్దంవె’ తగణం, బాగుంది. ‘నకాల’ అన్నది లఘువు, గురువు, లఘువు. అది జగణం, ఇంద్రగణాల్లో లేదు. ఇంకొకటి, ‘చుండె’ తరువాత అచ్చు వస్తే నకారం పలకాలి. ‘చుండె నద్దం’ అవుతుంది. ఇలా మారిస్తే చూడు:

అమ్మ చూచుచుండె నద్దాల యవతల

‘నద్దాల’ తగణం, ‘యవతల’ నాలుగు లఘువులు, నలం. యతి ‘అ–అ’ పదిలం. నువ్వు చూపించిన బొమ్మ ఏమీ చెదరలేదు కదా?

టొరంటో తమ్ముడు:
చెదరలేదు మాస్టారూ, ‘అద్దాల అవతల’ అనేసరికి ఇంకా దూరంగా నిలబడినట్టు అనిపిస్తోంది. కృతజ్ఞతలు.

సర్రే అక్కయ్య:
తమ్ముడూ, ఇందులో గెలుపు ఏమిటో నువ్వు చెప్పలేదు. చెప్పకపోవడమే నాకు నచ్చింది. మా అబ్బాయికి ఎనిమిదేళ్ళప్పుడు నేనూ అలాగే నిలబడ్డాను. వాడు నా వైపు చూశాడా లేదా అన్నదే నాకు ఆట.

కాకినాడ మాస్టారు:
ఇక నేను. అందరూ ‘గెలవనివాడు’ అనే అర్థంలోనే వెళ్ళారు. నేను పదాన్ని విడదీసి చూశాను: గెలువక, ఉన్నవాడె. గెలవకపోయినా జట్టులో ఉండిపోయినవాడు అని. మా నిర్వాహకుడు ఫోనులో చెప్పాడు, ఈ ఆటలు అయ్యాక అసలు శిక్షణ శిబిరం మొదలవుతుందట, రోజూ కొందరి పేర్లు కొట్టేస్తారట, కొందరు తిరిగి జూనియర్ జట్లకు, కొందరు చిన్న లీగ్‌కు వెళ్తారట.

శిబిరమందు కోత చేయగ దినమును
ఇంటిదారి పట్టి రెంతొమంది
జట్టునుండి యింక జారక పట్టుగా
గెలువకున్నవాడె గెలిచినాడు

హైదరాబాదు సభ్యురాలు:
మాస్టారూ, ఈ విరుపు నాకు తట్టనే లేదు! ‘పట్టుగా’ అని మూడో పాదం ఆపి, కిందకి రాగానే ‘ఉన్నవాడె’ అని వినిపిస్తుంది. ఒక్క సందేహం. ‘దినమును’ అంటే రోజూ అనే అర్థం వస్తుందా? ‘దినమున్’ అంటే ‘ఆ రోజున’ అనిపించే అవకాశం ఉంది.

కాకినాడ మాస్టారు:
మంచి పట్టు పట్టావమ్మా. ‘దినదినము’ అనాలని నాకూ ఉంది, గణం ఒప్పుకోలేదు. ‘చేసిరి దినదినం’ అంటే కుదురుతుంది, నగం. వ్యావహారికం వస్తుంది, కానీ అర్థం సూటిగా ఉంటుంది. అర్థమే ముఖ్యం, అలాగే దిద్దుకుంటున్నాను: ‘శిబిరమందు కోత చేసిరి దినదినం’.

నిర్వాహకుడు:
చివరగా నా పూరణ. మొదట చెప్పిన కుర్రాడి గురించే.

బిళ్ళ పోయెనంచు వెనుకాడలేదు తా
గిరున తిరిగి జారి కెరలి యురికె
కర్ర చాచి లాగి కాపాడె తన గూడు
గెలువకున్నవాడె గెలిచినాడు

కాకినాడ మాస్టారు:
‘బి–వె’ యతి బాగుంది. రెండో పాదంలో అన్నీ పొట్టి మాటలు. గిరున, తిరిగి, కెరలి, యురికె, వరసగా లఘువులు. పరుగు చెవికి వినబడింది. గోలుకి ‘గూడు’ అన్నావు చూడు, వల ఉన్న గోలుని గూడు అనడం నేను ఎక్కడా వినలేదు, కానీ కాపాడుకునేది గూడునే కదా. మూడో పాదంలో ‘లాగి’ దగ్గర ఒక ప్రశ్న. నువ్వు పైన రాసిన దాని ప్రకారం వాడు బిళ్ళని లాగలేదు. కర్ర కొస తగిలించి పక్కకి నెట్టాడు.

నిర్వాహకుడు:
నిజమే మాస్టారూ, లాగలేదు. ‘కర్ర చాచి నెట్టి’ అంటే?

కాకినాడ మాస్టారు:
‘నెట్టి’. సూర్యగణమే. చూసింది చూసినట్టు రాశావు ఇప్పుడు. ఇంతకీ ఆ కుర్రాడు ఏమయ్యాడు?

నిర్వాహకుడు:
అసలు శిబిరానికి పిలిచిన వాళ్ళ జాబితా నిన్న రాత్రి పెట్టారు మాస్టారూ. కింది నుంచి నాలుగో పేరు వాడిది. మీ పద్యంలో లాగా, ఉన్నాడు.