అప్‌డేట్: కర్నూలులోనే అకౌంట్స్ ఉద్యోగం దొరికింది

ఆరు నెలల కింద ఇక్కడే అడిగాను: బీకాం చదివాను, టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) వచ్చు, రెండేళ్ల అనుభవం ఉంది, ఆన్‌లైన్‌లో 140 చోట్ల అప్లై చేస్తే మూడు ఫోన్లే వచ్చాయి, హైదరాబాద్ వెళ్లిపోవాలా అని. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్. సోమవారం కల్లూరు ఎస్టేట్‌లో ఒక నూనె మిల్లులో చేరాను.

పనిచేసింది ఒక అక్క చెప్పిన మాట. 'ఆడిటర్ ఆఫీసులకు నేరుగా వెళ్లు, కానీ 20వ తేదీ దాటాక వెళ్లు' అన్నారు. అంతకుముందు నేను 15న, 18న వెళ్లి, ఎవరూ తలెత్తి కూడా చూడలేదని బాధపడ్డాను. నెలనెలా జీఎస్టీ రిటర్న్ వేసే వ్యాపారాలకు 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20న 3బీ (పన్ను లెక్క, చెల్లింపు) గడువు. ఆ రోజుల్లో ఆడిటర్లకు ఊపిరి సలపదు. 22న వెళ్తే ఒకాయన కూర్చోబెట్టి మాట్లాడారు. తన దగ్గర ఖాళీ లేదు గానీ, తన క్లయింట్ మిల్లులో అకౌంటెంట్ మానేస్తున్నాడని ఆయనే ఫోన్ చేశారు. ఆ ఖాళీ ఏ జాబ్ సైట్‌లోనూ నాకు కనపడలేదు.

రెజ్యూమెలో 'కష్టపడి పనిచేస్తాను' తీసేసి, 'నెలకు 300 కొనుగోలు బిల్లులు 2బీతో సరిచూశాను' అని రాశాను. 2బీ అంటే మనకు సరుకు అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే జాబితా. ఓనర్ గుచ్చి గుచ్చి అడిగింది ఆ లైన్ గురించే.

రెజ్యూమెకు రంగుల ఫార్మాట్, జాబ్ సైట్ ప్రొఫైల్‌ను రోజూ మార్చడం నాకు ఉపయోగపడలేదు. రిజిస్ట్రేషన్‌కు 5,000 అడిగిన కన్సల్టెన్సీకి కట్టొద్దని ఆపిన అన్నకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఆ టెన్షన్‌లో కట్టేసేవాడినే.

హైదరాబాద్‌లో వచ్చేదానికంటే జీతం తక్కువే. అద్దె లేదు, రాత్రికి అమ్మ చేతి జొన్నరొట్టె ఉంది. నాకు చాలు.