పన్నెండు బండ్లకీ పదివేల కిలోమీటర్లకే ఆయిల్ మార్చాలా?

బెజవాడ ట్రాన్స్‌పోర్ట్:
అందరికీ నమస్కారం. విజయవాడలో మాకు పన్నెండు బండ్లున్నాయి. ఐదు లారీలు హైదరాబాద్, విశాఖ లైన్లో తిరుగుతాయి. సీజన్లో గుంటూరు యార్డు నుంచి మిర్చి లోడ్లు కూడా ఎత్తుతాయి. మూడు టిప్పర్లు ఇబ్రహీంపట్నం థర్మల్ నుంచి బూడిద తోలతాయి. మిగతా నాలుగు చిన్న బండ్లు వన్‌టౌన్‌లో షాపులకు సరుకు వేస్తాయి. నాన్నగారి కాలం నుంచి మాది ఒకటే పద్ధతి. ఏ బండైనా సరే, పదివేల కిలోమీటర్లు తిరగగానే ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ మార్చేస్తాం. కొత్త లారీల మాన్యువల్‌లో ఇంతకు మూడు నాలుగు రెట్ల గడువు ఇచ్చారు. తమ్ముడు మాన్యువల్ ప్రకారం పోదామంటున్నాడు, మా మేస్త్రి ససేమిరా అంటున్నాడు. ఖర్చు తగ్గాలి, ఇంజన్లు పాడవకూడదు. ఏం చేయమంటారు?

ఆటోనగర్ మేస్త్రి:
మీ మేస్త్రి చెప్పిందే కరెక్టు బాబూ. మాన్యువల్ రాసినవాళ్లు మన మే నెల ఎండలో, మన లోడుతో బండి నడపరు. డీజిల్ లీటరు 97 రూపాయలు అనుకుందాం. లోడు లారీ లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చినా కిలోమీటరుకు 24 రూపాయలు డీజిలుకే పోతోంది. అదే కిలోమీటరుకు ఆయిల్ ఖర్చు రూపాయి కూడా కాదు. అక్కడ పిసినారితనం చూపిస్తే రేపు సిలిండర్లు అరిగి ఇంజన్ బోరుకొస్తుంది. అప్పుడు లక్షల్లో ఖర్చు, పైగా బండి షెడ్డులో పడుకుంటే కిస్తీ ఎవరు కడతారు? నా దగ్గరికి గేజి తీసి చూస్తే నల్లగా తారులా ఉన్న ఆయిల్‌తో బండ్లు వస్తున్నాయి. ఇంకా ఇరవై వేలు నడపమంటే నాకు మనసొప్పదు.

గుంటూరు ఫ్లీట్:
మేస్త్రి గారూ, మీ చేతి అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ డీజిల్ ఇంజన్లో ఆయిల్ నల్లబడటం చెడిపోవడం కాదండీ. మసిని సిలిండర్ గోడలకు అంటనీయకుండా తనలో కలిపి పట్టుకోవడం దాని పని. అసలు నల్లబడకపోతేనే నేను అనుమానిస్తాను.

లెక్క నేనూ చెబుతాను. లారీకి 16 లీటర్లు, లీటరు 350 చొప్పున 5,600, ఫిల్టర్లకు 1,200 అనుకుందాం. మొత్తం 6,800. పదివేలకోసారి మారిస్తే కిలోమీటరుకు 68 పైసలు. మాన్యువల్ అడిగిన లాంగ్ డ్రెయిన్ ఆయిల్, అంటే ఎక్కువ దూరం నిలిచే ఆయిల్, లీటరు 450 పడినా, ఫిల్టర్లతో కలిపి 8,400. ముప్పై వేలకు మారిస్తే 28 పైసలు. నెలకు పదివేలు తిరిగే లారీ అయితే ఏడాదికి ఒక్కో బండి మీద 48,000 మిగులుతుంది. ఐదు లారీలకు 2,40,000. ఇది చిన్న మొత్తం కాదు. షెడ్డులో నిలబడే రోజులు తగ్గడం దీనికి అదనం.

ఇంకో మాట. పదివేల లెక్క పుట్టిన నాటి డీజిల్ వేరు. కాలుష్యం తగ్గించడానికి ప్రభుత్వం పెట్టే బీఎస్ ప్రమాణాల్లో, బీఎస్-3 డీజిల్‌లోనే సల్ఫర్ 350 పీపీఎం (పది లక్షల భాగాల్లో 350) దాకా ఉండేది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 డీజిల్‌లో 10 పీపీఎమ్మే. సల్ఫర్ కాలితే వచ్చే యాసిడ్‌ను విరచడానికే ఆయిల్‌లోని క్షారగుణం ఖర్చయ్యేది. ఇప్పుడు ఆ భారం బాగా తగ్గింది. నాన్నగారు అప్పుడు చేసింది అప్పటికి సరైనదే.

కొండపల్లి టిప్పర్:
అన్నా, లారీల లెక్క బాగానే ఉంది గానీ ఈ చర్చలో టిప్పర్ల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. అసలు ప్రమాదం అక్కడుంది.

బూడిద లోడింగుకు లైన్లో నిలబడినప్పుడు ఇంజన్ ఆన్‌లోనే ఉంటుంది. పది అడుగులు జరిగి మళ్లీ ఆగుతాం. అన్‌లోడింగులో తొట్టి ఎత్తేటప్పుడు బండి ఉన్నచోటే ఉన్నా ఇంజన్ రేసులో ఉంటుంది. మీటరు మీద కిలోమీటర్లు పెరగవు, ఆయిల్ మాత్రం పని చేస్తూనే ఉంటుంది. హైవే లారీ సగటున గంటకు 50 కిలోమీటర్లు నడిస్తే పదివేలు తిరిగేసరికి ఇంజన్ 200 గంటలు నడిచినట్టు. టిప్పర్ సగటు, ఆగిన టైముతో కలిపి, గంటకు 12 అనుకోండి. అదే పదివేలకు 830 గంటలు దాటుతుంది! ఒకే గడువు పెడితే లారీకి మంచి ఆయిల్ పారబోస్తున్నాం, టిప్పర్‌ని చచ్చిన ఆయిల్‌తో నడుపుతున్నాం. టిప్పర్లకు గంటల మీటరు చూసి మార్చాలి. చాలా కంపెనీలు టిప్పర్ పనికి మాన్యువల్‌లో వేరే గడువే ఇస్తాయి, ఆ పేజీ తీసి చూడండి.

దీనికి తోడు బూడిద. అందులో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా. ఎయిర్ ఫిల్టర్ రబ్బరు వాషరు ఒక్కచోట సరిగ్గా కూర్చోకపోయినా చాలు, బూడిద లోపలికి పోయి సిలిండర్ లైనర్లను, పిస్టన్ రింగులను గీకేస్తుంది. ఫిల్టర్ తీసినప్పుడు లోపలివైపు గొట్టంలో వేలు పెట్టి తుడవండి. వేలికి బూడిదరంగు పొడి అంటితే ఆ ఫిల్టర్ కాపాడటం లేదని అర్థం. అప్పుడు వారానికోసారి ఆయిల్ మార్చినా ఇంజన్ నిలవదు.

ఆటోనగర్ మేస్త్రి:
గంటల మాట ఒప్పుకుంటాను తమ్ముడూ. టిప్పర్లు నా దగ్గరికి ముందే రావడానికి కారణం అదే.

కానీ లారీల గడువు పెంచడం గురించి నా భయం వేరే. మాన్యువల్‌లో రాసిన గ్రేడు ఆయిలే పోస్తారని గ్యారంటీ ఏంటి? దారిలో ఆయిల్ తగ్గితే డ్రైవరు ఏ బంకులో ఏ డబ్బా దొరికితే అది పోస్తాడు. లూజు ఆయిల్ పోసినవాళ్లనూ చూశాను, కంపెనీ డబ్బాలో డూప్లికేటు నింపి అమ్మిన సరుకూ చూశాను. అలాంటి ఆయిల్‌తో ముప్పై వేలు నడిపితే ఇంజన్ దిగిపోవడం ఖాయం. పదివేలకు మారిస్తే ఎవరి తప్పు ఎలా ఉన్నా ఇంజన్ బతుకుతుంది.

గుంటూరు ఫ్లీట్:
ఈ భయం నిజమే, దాన్ని నేను తీసిపారేయను. అయితే దానికి మందు ప్రతి పదివేలకూ ఆయిల్ పారబోయడం కాదు, ఆయిల్ మన చేతిలో ఉంచుకోవడం. 210 లీటర్ల బ్యారెల్ బిల్లుతో డీలరు దగ్గర కొనండి. ప్రతి లారీలో సీలున్న ఐదు లీటర్ల డబ్బా టాపప్ కోసం, అంటే దారిలో తగ్గినంత పోసుకోవడానికి, పెట్టండి. మా దగ్గర డ్రైవరు ఎంత పోశాడో, ఏ కిలోమీటరు దగ్గర పోశాడో ట్రిప్పు షీటులో రాస్తాడు. టాపప్ ఉన్నట్టుండి పెరిగిందంటే ఆ ఇంజన్ మీద కన్ను వేస్తాం. బ్యారెల్ మాత్రం ఎండావానల్లో నిలబెట్టకండి. పగలు వేడికి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడ్డాక మూత మీద నిలిచిన వాన నీటిని లోపలికి పీల్చుకుంటుంది. నీడలో పెట్టండి, కుదరకపోతే అడ్డంగా పడుకోబెట్టండి.

బండ్లన్నిటికీ వీలైతే సీకే-4 గ్రేడు (ఆయిల్ నాణ్యత), 15డబ్ల్యు-40 (చిక్కదనం) ఆయిల్ ఒక్కటే పెట్టుకోండి. సీఐ-4 అనే పాత గ్రేడు అడిగే ఇంజన్లకూ అది పనికొస్తుంది. పాత గ్రేడు ఆయిల్ బీఎస్-6 బండిలో పోస్తే మాత్రం ఆ ఆయిల్ కాలగా మిగిలే బూడిద పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్‌లో (డీపీఎఫ్) చేరుతుంది. మసి అయితే కాలిపోతుంది, ఆ బూడిద కాలదు. డీపీఎఫ్ మార్చాల్సి వస్తే ఎన్నేళ్ల ఆయిల్ పొదుపైనా ఒక్కసారిగా పోతుంది.

గడువు ఒక్కసారిగా ముప్పై వేలకు పెంచమని కూడా అనను. ముందు ఒక లారీని పదిహేను వేలకు తీసుకెళ్లి శాంపిల్ ల్యాబుకు పంపండి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే డ్రెయిన్ నట్టు విప్పి, మొదట కారే మురికి వదిలేసి, మధ్య ధారలో శుభ్రమైన సీసాలో పట్టండి. ఇనుము పెరిగితే అరుగుదల, సోడియం పెరిగితే కూలెంట్ (రేడియేటరు నీళ్లు) కలుస్తోంది, చిక్కదనం తగ్గితే చాలాసార్లు డీజిల్ కలుస్తోందని అర్థం. బూడిద టిప్పర్లలో సిలికాన్, అల్యూమినియం రెండూ కలిసి పెరిగితే పిస్టన్ అరిగిందని కంగారుపడకండి, అవి బూడిదలోవే కావచ్చు, ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి.

బెజవాడ ట్రాన్స్‌పోర్ట్:
చాలా థాంక్స్ అన్నా. మేస్త్రి గారూ, మీకు కూడా. టిప్పర్లకు గంటల లెక్క ఈ నెల నుంచే మొదలుపెడతాం. హైదరాబాద్ లైన్లో తిరిగే ఒక లారీని పదిహేను వేలకు పెట్టి శాంపిల్ పంపిస్తాం. వన్‌టౌన్ చిన్న బండ్ల సంగతేంటి? నెలకు వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగవు.

గుంటూరు ఫ్లీట్:
వాటికి కిలోమీటర్లు వదిలేసి నెలలు చూడండి. షాపు షాపుకీ ఆపి స్టార్ట్ చేస్తుంటే ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, తేమ, ఇంధనం ఆయిల్‌లోనే ఉండిపోతాయి. ఆరు నెలలకోసారి మార్చండి, మాన్యువల్ అంతకన్నా తక్కువ అంటే అదే పాటించండి. లారీల సర్వీసు జనవరిలోగా ముగించుకోండి. ఫిబ్రవరి నుంచి యార్డు సీజన్ ఊపందుకున్నాక బండి ఆపబుద్ధి కాదు.

ఆటోనగర్ మేస్త్రి:
శాంపిల్ రిపోర్టు వచ్చాక ఇక్కడ పెట్టు బాబూ, నేనూ చూస్తాను. గడువు ఎంత పెంచినా ఆయిల్‌తో పాటు ఫిల్టర్ మార్చడం మాత్రం మానొద్దు. ఫిల్టర్ మూసుకుపోతే బైపాస్ వాల్వు తెరుచుకుని వడకట్టని ఆయిలే బేరింగులకు పోతుంది. తీసిన పాత ఆయిల్ డ్రైనేజీలో పోయించొద్దు, ఇటుక బట్టీల వాళ్లకు అమ్మొద్దు. లైసెన్సున్న రీసైక్లర్‌కే ఇచ్చి రసీదు తీసుకో.