టెస్ట్ రిపోర్ట్ పంపితే ఎవరూ చదవరు, బగ్ బయటపడ్డాక మాత్రం 'ముందే చెప్పలేదేం?' అంటారు

రిగ్రెషన్ రాణి అడిగారు:

ఒక పేమెంట్స్ ప్రాడక్ట్‌కి టెస్ట్ లీడ్‌గా ఉన్నాను. చిన్న టీమ్. ప్రతి రిలీజ్‌కి ముందు టెస్ట్ సమ్మరీ రిపోర్ట్ పంపుతాం. మొత్తం కేసులెన్ని, పాస్ ఎన్ని, ఫెయిల్ ఎన్ని, ఓపెన్‌లో ఉన్న డిఫెక్టులు సివియారిటీ (తీవ్రత) వారీగా ఎన్ని, అన్నీ అందులో ఉంటాయి. వివరాలకి ఎక్సెల్ అటాచ్ చేస్తాం. ప్రాడక్ట్ ఓనర్, డెవ్ మేనేజర్, సపోర్ట్ హెడ్, క్లయింట్ వైపు వాళ్లు, అందరికీ వెళ్తుంది.

పోయిన రిలీజ్‌లో జరిగింది చెప్తాను. బ్యాంకు నుంచి జవాబు ఆలస్యమైతే మా స్క్రీన్ మీద 'మళ్లీ ప్రయత్నించండి' బటన్ వస్తుంది. అది నొక్కితే ఒకే ఆర్డర్‌కి రెండు ట్రాన్సాక్షన్లు పడుతున్నాయి. మా టీమ్‌లో అమ్మాయి పట్టుకుంది, బగ్‌లు నమోదు చేసే జిరాలో వేసింది. టైటిల్: 'గేట్‌వే 504 టైమౌట్ సినారియోలో రీట్రై చేసినప్పుడు ఐడెంపొటెన్సీ కీ రీజనరేట్ అవుతోంది'. (504 అంటే అవతలి సర్వర్ సమయానికి జవాబివ్వలేదనే ఎర్రర్, ఐడెంపొటెన్సీ కీ అంటే ఒకే చెల్లింపు రెండుసార్లు పడకుండా ఆపే గుర్తు.) సివియారిటీ మేజర్. రిపోర్ట్‌లోనూ ఉంది, ఎక్సెల్ రెండో షీట్‌లో. పాస్ రేటు 96 శాతం. గో-లైవ్ కాల్‌లో 'టెస్టింగ్ అయిపోయిందా?' అని అడిగారు. 'అయింది, నాలుగు మేజర్లు ఓపెన్‌లో ఉన్నాయి' అన్నాను. 'ఓకే, వెళ్దాం' అన్నారు.

ఇక చూడండి. కస్టమర్ల డబ్బు రెండుసార్లు కట్ అయింది. సపోర్ట్ వాళ్లకి ఫోన్ల మీద ఫోన్లు. రివ్యూ మీటింగ్‌లో అందరి ముందూ 'ఇంత పెద్ద విషయం టెస్టింగ్ వాళ్లు ముందే ఎందుకు చెప్పలేదు?' అని అడిగారు. నేను ఎక్సెల్ తెరిచి ఆ వరస చూపించాను. 'అది ఇదేనని మాకెలా తెలుస్తుందండీ?' అన్నారు.

పట్టుకున్నది మేమే, రాసింది మేమే, పంపింది మేమే, మాట పడిందీ మేమే. చెప్పడమంటే ఇంకెలా చెప్పాలి? ఫార్మాట్ మార్చాలా, డాష్‌బోర్డ్ పెట్టాలా, ఇంకో మీటింగ్ పెట్టాలా? ఇప్పటికే ఉన్న మీటింగులతోనే తల తిరుగుతోంది.

సీసీలో అందరూ:

మేడమ్, ఏమీ మార్చొద్దు. అన్నీ మెయిల్‌లో పెట్టండి, ప్రతి ఓపెన్ మేజర్ మీద ప్రాడక్ట్ ఓనర్ చేత సైన్-ఆఫ్ (రాతపూర్వక ఆమోదం) తీసుకోండి. రేపు ఎవరైనా గొంతు పెంచితే ఆ మెయిల్ ఫార్వర్డ్ చేయండి, నోరెత్తరు. మన జాగ్రత్తలో మనం ఉండాలి.

పాత టెస్టర్:

రాణి గారూ, మీ ప్రశ్నకి జవాబు మీ పోస్టులోనే ఉంది. జిరా టైటిల్ ఒకసారి చదవండి. తర్వాత మాకు చెప్పిన వాక్యం చదవండి: 'కస్టమర్ల డబ్బు రెండుసార్లు కట్ అయింది.' ఐదు మాటలు. రిలీజ్‌కి ముందు ఈ ఐదు మాటలు ఎక్కడా లేవు. మెయిల్‌లో లేవు, కాల్‌లో లేవు, ఎక్సెల్‌లో లేవు.

టైటిల్ తప్పని అనను. డెవలపర్‌కి అంతకంటే మంచి టైటిల్ దొరకదు, ఏ ఫైల్ తెరవాలో అందులోనే ఉంది. కానీ దాన్నే ఎత్తి సపోర్ట్ హెడ్‌కి పంపితే ఆయనేం చేస్తాడు? ఆయనకి కావాల్సింది వేరు: కస్టమర్లు ఏమని ఫోన్ చేస్తారు, మనవాళ్లు వాళ్లకేం చెప్పాలి, డబ్బు వెనక్కి ఎవరు వేస్తారు. ఒకే బగ్‌ని ఇద్దరికీ ఒకే వాక్యంతో చెప్పడం కుదరదు. పనిభారం పెరుగుతుందని మీరనొచ్చు. అన్ని బగ్‌లకీ అక్కర్లేదండీ. రిలీజ్‌ని ఆపగలిగినవి రెండో మూడో ఉంటాయి, వాటికి చేస్తే చాలు.

ఇక ఆ 96 శాతం. నాకు ఈ పాస్ రేటంటే మంట, ముందే చెప్పేస్తున్నాను. లేబుల్‌లో స్పెల్లింగ్ చూసే కేసుకీ, ఖాతాలో డబ్బు కట్ అయ్యే కేసుకీ అందులో ఒకటే విలువ. చూసేవాళ్లకి మాత్రం నూటికి తొంభై ఆరు మార్కులొచ్చిన ప్రోగ్రెస్ కార్డులా కనిపిస్తుంది, ఫస్ట్ క్లాస్ కదా అని సంతకం పెట్టేస్తారు. మిగిలిన నాలుగు శాతంలో ఏముందో ఎవరూ అడగరు. అసలు మనం రాయని కేసులు ఆ లెక్కలోకే రావు. టెస్టింగ్ తప్పులున్నాయని చూపించగలదు గానీ లేవని చూపించలేదని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1969లోనే అన్నాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా మనం శాతాలు పంపుతూనే ఉన్నాం.

అందుకే 'టెస్టింగ్ అయిపోయిందా?' అని అడిగితే 'అయింది' అనకండి. ఆ మాట వినగానే అవతలి మనిషి వినడం ఆపేస్తాడు, తర్వాత మీరు చెప్పిన 'నాలుగు మేజర్లు' గాలికి పోయాయి. ఏం చూశాం, ఏం చూడలేదు, ఏది నన్ను భయపెడుతోంది, ఈ మూడూ చెప్పండి. భయపెట్టేది ముందు చెప్పండి. 'నా భయం' అనడానికి మనవాళ్లు మొహమాటపడతారు, లెక్కలైతే క్షేమం అనుకుంటారు. కానీ ఆ సాఫ్ట్‌వేర్‌ని అందరికంటే ఎక్కువ వాడి చూసింది మనమే. మన అంచనా చెప్పకపోతే మనల్ని పెట్టుకోవడం ఎందుకు?

డాష్‌బోర్డ్ సంగతి. నచ్చితే పెట్టుకోండి, కానీ గ్రాఫులు వద్దు. లో-టెక్ టెస్టింగ్ డాష్‌బోర్డ్ అని 1999 నుంచి ఒక పద్ధతి ఉంది. తెల్లబోర్డు మీద నాలుగైదు గడులు: ఏ భాగం, దాని మీద ఇప్పుడు ఎంత పని నడుస్తోంది, ఎంత లోతుగా చూశాం, దాని పరిస్థితి ఎలా ఉంది, ఒక చిన్న వ్యాఖ్య. 'రీఫండ్: పైపైన మాత్రమే చూశాం' అని చేత్తో రాసి ఉంటే దారిన పోయే మేనేజర్ కూడా ఆగి అడుగుతాడు.

సీసీ గారికి ఒక మాట. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ సంస్థ దాదాపు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. ఎనిమిది సర్వర్లలో ఒకదాని మీద కొత్త కోడ్ పడలేదు. ఆ ఉదయం మార్కెట్ తెరవకముందే వాళ్ల సిస్టమ్ నుంచి సిబ్బందికి 97 మెయిల్స్ వెళ్లాయి, సమస్య ఎక్కడుందో సూచించే ఎర్రర్‌తో సహా. వాటిని అలర్టులుగా చూసే అలవాటే అక్కడ లేదు. మెయిల్ పంపినంత మాత్రాన చెప్పినట్టు కాదండీ.

సీసీలో అందరూ:

పాత టెస్టర్ గారూ, మీరు ఒకటి చెప్తే నేనొకటి చెప్తా. నాసా అంగారకుడి దగ్గరికి పంపిన నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్, 1999 సెప్టెంబర్. గ్రౌండ్ సాఫ్ట్‌వేర్ లెక్కలు పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చింది, నావిగేషన్ వాళ్లు న్యూటన్ సెకన్లనుకున్నారు, నౌక పోయింది. లెక్క ఎక్కడో తేడాగా ఉందని నావిగేషన్ టీమ్‌కి ముందే అనుమానం వచ్చింది. అది అనధికారికంగానే తిరిగింది, పద్ధతి ప్రకారం నమోదు కాలేదని దర్యాప్తు బోర్డు రాసింది. అందుకే రికార్డ్ ముఖ్యం అంటాను.

పాత టెస్టర్:

ఒప్పుకుంటాను, మంచి ఉదాహరణ. రికార్డ్ ఉండాలి. నేను కాదన్నది 'రేపు ఫార్వర్డ్ చేద్దాం' అనే ఆలోచనని. ఆ రేపటికి కస్టమర్ డబ్బు పోయి ఉంటుంది. నోటితో చెప్పి, తర్వాత రికార్డ్ చేయండి. రెండూ కావాలి.

బ్యాక్‌లాగ్ బాధితుడు:

నేను ప్రాడక్ట్ ఓనర్‌ని, అంటే మీరంతా తిట్టుకునే మనిషిని. కొట్టకుండా వింటే ఈ వైపు ఎలా ఉంటుందో చెప్తాను.

మీ రిపోర్ట్‌ని నేను ఫోన్‌లో చూస్తాను, ఒక కాల్ నుంచి దిగి ఇంకో కాల్‌లో చేరే మధ్యలో. మొదటి రెండు లైన్లు కనిపిస్తాయి. 'డియర్ ఆల్, ప్లీజ్ ఫైండ్ ద అటాచ్డ్' అని ఉంటే నాకు తెలిసింది సున్నా. ఫోన్‌లో ఎక్సెల్ రెండో షీట్ తెరిచే మనిషిని నేనింతవరకు చూడలేదు.

'మేజర్' అనే మాట గురించి. ప్రతి రిలీజ్‌లోనూ మేజర్లుంటాయి, ప్రతిసారీ ఏమీ కాదు. వినీ వినీ చెవి మొద్దుబారుతుంది. సివియారిటీ అంటే మీకు సిస్టమ్ మీద ప్రభావం. నాకు కావాల్సింది ఎంతమందికి తగులుతుంది, తగిలితే వెనక్కి తీసుకోగలమా అని. డబ్బు రెండుసార్లు పోవడం, రిపోర్ట్‌లో కాలమ్ తప్పుగా రావడం రెండూ మీ షీట్‌లో మేజర్లే అయితే నేను తేడా ఎలా పట్టాలి?

రాణి గారి బగ్‌లో నేనైతే మొదట అడిగేది: బ్యాంకు ఇలా ఆలస్యం చేయడం రోజుకి ఎన్నిసార్లు జరుగుతుంది? ఇది టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో తెలియదు, కానీ ప్రొడక్షన్ (కస్టమర్లు వాడే సిస్టమ్) లాగ్స్‌లో 504లు లెక్కపెట్టమని సపోర్ట్ వాళ్లని అడిగితే చిటికెలో పని. ఆ అంకె మెయిల్‌లో ఉంటే ఏ ప్రాడక్ట్ ఓనరూ 'ఓకే, వెళ్దాం' అనడు.

ఇంకొకటి, కొంచెం నొప్పిగా ఉండొచ్చు. 'మేం సైన్-ఆఫ్ ఇవ్వం' అని టెస్టింగ్ వాళ్లు అడ్డం కూర్చుంటే నాకు చిరాకు. నిర్ణయం నాది, మాట పడేదీ నేనే. మీరు దారులు చూపించండి. సరిచేసే దాకా ఆగితే ఎంత ఆలస్యం, ఆ బటన్‌ని తాత్కాలికంగా తీసేసి వెళ్తే ఏం పోతుంది, ఇలాగే వెళ్తే సపోర్ట్ వాళ్లు ఏం సిద్ధం చేసుకోవాలి. మీరొక్కరే రాయనక్కర్లేదు, డెవ్ లీడ్‌తో పది నిమిషాలు కూర్చుంటే వచ్చేస్తుంది. బటన్ తీసేసే దారి ఎవరైనా ముందు పెట్టి ఉంటే మీ రిలీజ్ అదే రోజు, ఏ గొడవా లేకుండా వెళ్లేది.

కోడ్ కూలీ:

డెవలపర్‌ని. మేమూ స్టేక్‌హోల్డర్లమే, మమ్మల్ని మర్చిపోకండి. 'పేమెంట్ పనిచేయడం లేదు, అర్జెంట్' అని స్క్రీన్‌షాట్ ఒక్కటి పెట్టి వెళ్లిపోయేవాళ్లు ఇంకా ఉన్నారు. ఏ బిల్డ్, ఏ యూజర్, ఏ టైమ్‌కి, రిక్వెస్ట్ ఐడీ ఏంటి. ఇవి నాలుగూ ఉంటే నేను 'నా మెషీన్‌లో బాగానే ఉంది' అనను. ఐడెంపొటెన్సీ కీ అని టైటిల్‌లోనే రాసిన ఆ అమ్మాయిని మా టీమ్‌కి పంపండి, చేతులెత్తి దణ్ణం పెడతాను.

రిగ్రెషన్ రాణి:

ఆ అమ్మాయిని ఇవ్వను. అందరికీ థ్యాంక్స్.

504ల లెక్క అడగాలన్న ఆలోచన మా ఎవరికీ రాలేదు, అది మా పని కాదన్నట్టే ఉండేవాళ్లం. ఈ వారం రిలీజ్‌కి మెయిల్ రాస్తున్నాను, ఇదిగో డ్రాఫ్ట్. మొహమాటం లేకుండా దిద్దండి.

'అందరికీ నమస్కారం. రిలీజ్ టెస్టింగ్ స్టేటస్ కింద ఇస్తున్నాను. ప్లాన్ చేసిన కేసుల్లో చాలా వరకు పూర్తయ్యాయి. రీఫండ్ మాడ్యూల్‌లో పార్షియల్ రీఫండ్ సినారియోలో రౌండింగ్ ఇష్యూ గమనించాం. ఎన్విరాన్‌మెంట్ సమస్య వల్ల లాయల్టీ పాయింట్ల మాడ్యూల్ టెస్ట్ చేయలేకపోయాం. దయచేసి పరిశీలించగలరు.'

రౌండింగ్ ఇష్యూ ఏంటంటే: డిస్కౌంట్ ఉన్న ఆర్డర్‌లో వస్తువులు ఒక్కొక్కటిగా వెనక్కిస్తే ప్రతిసారీ పైకి రౌండ్ అవుతోంది, చివరికి కట్టినదానికంటే కాస్త ఎక్కువ వెనక్కి వెళ్తోంది.

పాత టెస్టర్:

చూశారా, మళ్లీ అదే. అసలు విషయం మెయిల్‌లో లేదు, కింద మాకు చెప్పిన వాక్యంలో ఉంది. దాన్ని తీసుకెళ్లి మొదటి లైన్‌లో పెట్టండి. 'గమనించాం', 'పరిశీలించగలరు' తీసేయండి. ఎవరు పరిశీలించాలి? ఎప్పటికి? అందరికీ చెప్పిన పని ఎవరిదీ కాదు. నేనైతే ఇలా రాస్తాను:

'రిలీజ్‌కి ముందు ఒక నిర్ణయం కావాలి. డిస్కౌంట్ ఉన్న ఆర్డర్‌లో వస్తువులు ఒక్కొక్కటిగా వెనక్కిస్తే, కస్టమర్ కట్టినదానికంటే ఎక్కువ రీఫండ్ వెళ్తోంది. ఒక్కో ఆర్డర్‌లో తేడా చిన్నదే, కానీ అకౌంట్స్ వాళ్ల లెక్క కుదరదు. దారులు రెండు: సరిచేసి వెళ్లడం, లేదా డిస్కౌంట్ ఆర్డర్లకి విడివిడి రీఫండ్ ఆపి వెళ్లడం. ఏదో ఒకటి బుధవారం సాయంత్రంలోగా ప్రాడక్ట్ ఓనర్ చెప్పాలి. ఇంకో విషయం, లాయల్టీ పాయింట్లు ఈసారి అసలు చూడలేదు. ఎన్విరాన్‌మెంట్ తిరిగి లేస్తే సగం రోజులో ముఖ్యమైనవి చూడగలం.'

సరిచేయడానికి ఎన్ని రోజులో డెవ్ లీడ్‌ని అడిగి అందులో కలపండి. సగం రోజు అన్నది నా ఊహ, మీ అంచనా రాసుకోండి. పాస్, ఫెయిల్ లెక్కలు కావాలంటే అట్టడుగున పెట్టండి. అకౌంట్స్ వాళ్లు మీ లిస్టులో ఉన్నారా? లేకపోతే వాళ్లకి మెయిల్ కాదు, ఫోన్ చేయండి.

బ్యాక్‌లాగ్ బాధితుడు:

ఇలా వస్తే నడుస్తూనే జవాబిస్తాను. ఒక్కటే మార్పు: సబ్జెక్ట్‌లో 'టెస్ట్ సమ్మరీ రిపోర్ట్' వద్దు, 'రీఫండ్ ఎక్కువ వెళ్తోంది, బుధవారంలోగా నిర్ణయం' అని పెట్టండి. ఆ పాత సబ్జెక్ట్‌తో వచ్చేవన్నీ నేరుగా వేరే ఫోల్డర్‌లోకి పోయేలా నేను ఎప్పుడో రూల్ పెట్టుకున్నాను. మీ ప్రాడక్ట్ ఓనర్ పెట్టుకోలేదని నమ్మకమేమీ లేదు.