ఐదో నెలలో హెచ్ఐవీ పాజిటివ్ అని తెలిసింది, బిడ్డను కన్న అక్కలు చెప్పండి

ఆదోని_పిల్ల:
నాకు 23. తొలి కాన్పు. చెకప్‌లో రక్తం తీశారు, మూడు కిట్లతో చూసి పాజిటివ్ అన్నారు. మా ఆయనకు చేస్తే నెగటివ్. నేను చూపించుకునే ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో మేడమ్ "తీయించేసుకో, మళ్లీ పుట్టకుండా ఆపరేషన్ కూడా ఒకేసారి అయిపోతుంది" అంది. ఫైలు అట్ట మీద ఎర్ర పెన్నుతో పెద్ద అక్షరాలతో రాసిచ్చారు. వరండాలో కూర్చున్నంతసేపూ ఆ రాత కనబడకుండా చున్నీ కొంగు కప్పి పట్టుకున్నాను. అంతలోనే లోపల బిడ్డ కదిలింది. నాకు ఈ బిడ్డ కావాలి. బిడ్డకు రాకుండా కనొచ్చా?

బత్తలపల్లి_అక్క:
కనొచ్చు చెల్లీ. ముందు అన్నం తిను, కడుపు మాడ్చుకోకు. నా కొడుకు ఇప్పుడు రెండో తరగతి, నెగటివ్. మందులే వాడకపోతే నూరుమంది తల్లుల్లో 15 నుంచి 45 మంది బిడ్డలకు సోకుతుంది. మందులు క్రమం తప్పకుండా వాడితే అది 5 లోపుకు పడిపోతుంది. రేపే వెళ్లి మందులు మొదలుపెట్టు, ఒక్క రోజు కూడా ఆలస్యం చేయొద్దు. నీకు కర్నూలు సర్వజన ఆసుపత్రిలో ఏఆర్‌టీ సెంటర్ ఉంది, ఏఆర్‌టీ అంటే ఈ హెచ్ఐవీ మందులే. నేనైతే బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రిలో చూపించుకున్నాను. మందులకు డబ్బులేమీ తీసుకోరు, 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగానే ఇస్తోంది.

కడప_వకీలు:
తల్లీ, ఆ మేడమ్ మాటకు తలూపొద్దు. హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. అన్నీ వివరంగా తెలుసుకుని నువ్వు ఒప్పుకుంటే తప్ప గర్భం తీయకూడదు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయకూడదు. బిడ్డను ఉంచుకోవాలా వద్దా అన్నది నీ నిర్ణయం, మీ ఆయనదో అత్తగారిదో కాదు. నీ జబ్బు సంగతి అందరికీ తెలిసేలా ఫైలు మీద రాయడమూ తప్పే. ఆ అట్ట ఫోటో తీసి పెట్టుకో. ఇలాంటి ఫిర్యాదులు విచారించడానికి రాష్ట్రంలో ఉండే అంబుడ్స్‌మన్ అనే అధికారికి ఫిర్యాదు చేయొచ్చు. కేసు కోర్టుకు వెళ్లినా నీ పేరు బయటికి రాకుండా వేరే పేరుతో నడపమని అడగొచ్చు. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చెయ్యి, ఉచితం.

పాత_కౌన్సిలర్ (అనంతపురం):
నేను ఐసీటీసీలో, అంటే హెచ్ఐవీ పరీక్ష చేసి సలహా ఇచ్చే కేంద్రంలో, చాలా ఏళ్లు పనిచేశాను. అందరూ మర్చిపోయేది ఒకటి చెప్తా. ఇప్పుడిచ్చే ఒకే ఏఆర్‌టీ మాత్రలో డోల్యుటెగ్రావిర్ అనే మందు ఉంటుంది. గర్భిణులకు ఐరన్, క్యాల్షియం మాత్రలు కూడా ఇస్తారు కదా, ఖాళీ కడుపున వాటితో కలిపి మింగితే ఈ మందు ఒంటికి సరిగా పట్టదు. వాటికి రెండు గంటల ముందైనా, ఆరు గంటల తర్వాతైనా వేసుకో. నా దగ్గరికి వచ్చినవాళ్లకు రాత్రి పడుకునే ముందు ఏఆర్‌టీ, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఐరన్ అని మాత్రల అట్ట మీదే పెన్నుతో రాసిచ్చేదాన్ని.

32 వారాల నుంచి 36 వారాల మధ్య వైరల్ లోడ్ పరీక్ష చేయించు, రక్తంలో వైరస్ ఎంత ఉందో తెలుస్తుంది. పాజిటివ్ అయినంత మాత్రాన సిజేరియన్ అక్కర్లేదు. బిడ్డ పుట్టగానే, బిడ్డకు సోకకుండా నెవిరాపిన్ సిరప్ మొదలుపెట్టి ఆరు వారాలు పోస్తారు. నీకు వైరల్ లోడ్ ఎక్కువగా ఉంటే డాక్టర్లు ఇంకా పొడిగిస్తారు. మీ ఆయన నెగటివ్ అన్నావు, నీ వైరల్ లోడ్ బాగా తగ్గేదాకా కండోమ్ తప్పనిసరి. అన్నట్టు, ఈ జబ్బు ఉన్న ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే ఆరు రెట్లు ఎక్కువ. 25 దాటాక ఆ పరీక్ష మాత్రం మానొద్దు.

కోసిగి_సుగ్గి:
అక్కలూ, మేం ఏటా సుగ్గికి గుంటూరు వైపు పోతాం, మిరపకాయలు కోయడానికి. మూడు నెలలు ఊళ్లో ఉండం. మందులు మధ్యలో అయిపోతే ఎట్లా?

బత్తలపల్లి_అక్క:
బయలుదేరే ముందే సెంటర్‌లో చెప్పమ్మా. కొన్ని నెలలకు సరిపడా ఒకేసారి ఇస్తారు, లేదంటే అక్కడి సెంటర్‌లో తీసుకునేలా రాసిస్తారు. సెంటర్‌లో ఇచ్చిన మందుల పుస్తకం మాత్రం నీ బట్టల మూటలోనే పెట్టుకో, మేస్త్రీ చేతికి ఇవ్వొద్దు. పింఛను సంగతి కూడా అక్కడే అడుగు, 2024 జులై నుంచి ఏఆర్‌టీ పింఛను 4,000 ఇస్తున్నారు.

నంద్యాల_తల్లి:
ఆదోని చెల్లీ, పాల గురించి ఎవరూ చెప్పలేదు. నేను ఆరు నెలలూ చనుబాలు తప్ప ఒక్క చుక్క వేరేది పట్టలేదు, అట్లాగే ఉండాలన్నారు. పోతపాలూ చనుబాలూ కలిపి పట్టడం ప్రమాదం. మా అత్త తేనె నాకిద్దామంటది, వస అరగదీసి పోద్దామంటది. ఆమెకు నా సంగతి తెలియదు. పురిటి గదిలో సాన, వసకొమ్ము సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది. "డాక్టరమ్మ నీళ్లు కూడా వద్దన్నాది అత్తా" అని నలభై రోజులు అదే మాట చెప్పి కాపాడుకున్నా. ఆమె మీద కోపం లేదు, ఆమెది ప్రేమే. కానీ పోరాటమంటే నాకు అదే.

పరీక్షల రోజులు ఇంకా కష్టం. ఆరు వారాలకు బిడ్డ మడమ మీద సూదితో గుచ్చి, అట్ట మీద గీసిన గుండ్రాల్లో రక్తపు చుక్కలు వేసి ఆరబెట్టారు. మా పాప ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. మళ్లీ ఆరు నెలలకు, ఏడాదికి. ఆఖరుది 18 నెలలకు. అప్పుడే పూర్తిగా నెగటివ్ అని రాసిచ్చారు. మధ్యలో ఒక్క పరీక్ష కూడా వదలొద్దు.

ఆదోని_పిల్ల (ఆరు నెలల తర్వాత):
అక్కలూ, ఆడపిల్ల. రెండున్నర కిలోలు, మామూలు కాన్పు, ప్రభుత్వ ఆసుపత్రిలో. అక్కడి నర్సమ్మ ఫైలు మీద ఏమీ రాయలేదు, బిడ్డను తుడిచి నా పక్కన పడుకోబెట్టింది. ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేకపోయాను. ఐరన్ మాత్రలు మధ్యాహ్నమే వేసుకున్నా. సిరప్ ఆరు వారాలూ పోశాను. ఆరు వారాల పరీక్ష నెగటివ్. ఆ కాగితం బీరువాలో పెళ్లి చీర మడతలో పెట్టాను.

ఇప్పుడు ఆరు నెలల పరీక్ష కోసం చూస్తున్నాం. నంద్యాల అక్కా, మీ పాపకు రాగిసరి ఆ పరీక్ష అయ్యాక మొదలుపెట్టారా, ముందేనా?