ఆముదం వేరుశనగ నూనె కంటే అంత చిక్కగా ఎందుకు ఉంటుంది?

ప్రశ్న: రసాయన శాస్త్ర అధ్యాపకురాలు, నల్గొండ జిల్లా

అందరికీ నమస్కారం. నేను జూనియర్ కళాశాలలో రసాయన శాస్త్రం బోధిస్తున్నాను. అణువుల మధ్య ఆకర్షణ బలాల పాఠం చెప్పే రోజున పుస్తకంలోని పట్టికతో మొదలుపెట్టకుండా ఇంటి నుంచి రెండు సీసాలు తీసుకెళ్లాను. ఒకదానిలో వేరుశనగ నూనె, రెండోదానిలో గానుగ ఆముదం ఉన్నాయి. వాలుగా నిలబెట్టిన గాజు పలక పైభాగాన రెండింటినీ ఒక్కొక్క చుక్క వేశాను. వేరుశనగ నూనె పలక అడుగుకు చేరి బల్ల మీదికి కారిపోయే సమయానికి ఆముదం చుక్క రెండు వేళ్ల వెడల్పు కూడా దిగలేదు. దాని ముందు అంచు ఉబ్బెత్తుగా నిలిచి, వెనుక సన్నని జాడను వదులుతూ, కదులుతున్నదా లేదా అన్నట్టు కనిపించింది.

వెనుక బల్లలోని ఒక అమ్మాయి లేచి, "రెండూ నూనెలే కదా మేడం, రెండింటిలోనూ గ్లిజరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలే అతుక్కుని ఉంటాయి కదా, మరి ఇంత తేడా ఎందుకు?" అని అడిగింది. ఆముదం అణువు బరువైనది అయి ఉంటుందని అప్పటికి చెప్పాను గానీ, ఇంటికి వచ్చి అణుభారాలు లెక్క వేసి చూస్తే ఆ తేడా చాలా స్వల్పమని తేలింది. నేను చెప్పింది తప్పు కాబట్టి, వచ్చే తరగతిలో సరిదిద్దాలి.

దీనితోపాటు నాకే ఇంకొక సందేహం ఉంది. ఆకర్షణ బలాలు ఎక్కువైతే మరిగే ఉష్ణోగ్రత, స్నిగ్ధత (ద్రవపు చిక్కదనం), తలతన్యత (ఉపరితలపు బిగువు) మూడూ పెరుగుతాయని మనం ఒకే వాక్యంలో చెప్పేస్తాం. నీటిలో అంత బలమైన హైడ్రోజన్ బంధాలు (ఒక అణువులోని హైడ్రోజన్‌కూ పక్క అణువులోని ఆక్సిజన్‌కూ మధ్య ఉండే ఆకర్షణ) ఉన్నప్పటికీ నీరు ఇంత పల్చగా ఎందుకు ఉంటుంది?

సమాధానం 1: నూనెల ప్రయోగశాలలో పనిచేసిన రసాయన శాస్త్రజ్ఞుడు

మేడం, బరువు కారణం కాదన్న మీ లెక్క సరైనదే. ఆముదంలోని ప్రధాన ట్రైగ్లిజరైడ్ (గ్లిజరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కున్న అణువు) అణుభారం సుమారు 933 కాగా, వంట నూనెల్లో విరివిగా ఉండే ఓలియిక్ ఆమ్లపు ట్రైగ్లిజరైడ్ అణుభారం సుమారు 885. తేడా దాదాపు 5 శాతమే. స్నిగ్ధత విషయానికి వస్తే, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేరుశనగ నూనెది 80 సెంటీపాయిజ్‌ల (స్నిగ్ధతను కొలిచే ప్రమాణం) ప్రాంతంలోనూ, ఆముదానిది వెయ్యికి దగ్గరగానూ ఉంటుంది. అంటే దాదాపు పన్నెండు రెట్లు.

ఇంత తేడాకూ మూలం ఒక్క హైడ్రాక్సిల్ సమూహం, అంటే ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన OH జంట. ఆముదంలోని కొవ్వు ఆమ్లాల్లో 85 నుంచి 90 శాతం వరకు రిసినోలియిక్ ఆమ్లమే. దానికీ ఓలియిక్ ఆమ్లానికీ ఉన్న పోలిక గమనించదగినది: రెండింటిలోనూ 18 కార్బన్ల గొలుసే, రెండింటిలోనూ 9వ కార్బన్ దగ్గరే ద్విబంధం, కానీ రిసినోలియిక్ ఆమ్లంలో 12వ కార్బన్ మీద ఒక హైడ్రాక్సిల్ సమూహం అదనంగా ఉంటుంది. గ్లిజరాల్‌కు మూడు గొలుసులు కాబట్టి, ఒక్కో ఆముదం అణువుకు ఇటువంటి పట్టులు మూడు ఉన్నట్టు లెక్క. ఒక అణువు మీది హైడ్రాక్సిల్ పక్క అణువు మీది ఆక్సిజన్‌తో హైడ్రోజన్ బంధం కలుపుకుంటుంది.

ద్రవం పారాలంటే అణువులు ఒకదాని పక్క నుంచి ఒకటి జారాలి. గోగు కట్టెల మోపులోంచి ఒక కట్టెను లాగితే అది నున్నగా జారి వచ్చేస్తుంది. తుమ్మకంప మోపులోంచి ఒక కొమ్మను లాగితే మోపంతా దానితో కదులుతుంది. వేరుశనగ నూనె అణువులు మొదటి రకం, ఆముదం అణువులు రెండో రకం. మీ తరగతిలో ఈ మాట చెబితే పల్లెల నుంచి వచ్చే పిల్లలకు వెంటనే అందుతుందని నా నమ్మకం.

ఇది హైడ్రోజన్ బంధాల పనే అనడానికి మంచి సాక్ష్యం వేడి. ఉష్ణోగ్రత 100 డిగ్రీలకు చేరేసరికి ఆముదం స్నిగ్ధత 20 సెంటీపాయిజ్‌ల దరిదాపులకు పడిపోతుంది. మామూలు నూనెలు 8 ప్రాంతానికి వస్తాయి. అంటే పన్నెండు రెట్ల తేడా కాస్తా రెండు మూడు రెట్లకు దిగుతుంది. హైడ్రోజన్ బంధం విడిపోవడానికి మోల్‌కు సుమారు 20 కిలోజౌళ్లు చాలు, అణువు లోపల ఆక్సిజన్, హైడ్రోజన్‌ల మధ్య ఉన్న సమయోజనీయ బంధం తెగాలంటే సుమారు 460 కావాలి. అందువల్ల ఈ వేడికి అణువుల మధ్య పట్టు సడలుతుందే తప్ప అణువు చెక్కుచెదరదు. చల్లారితే ఆముదం మళ్లీ మునుపటంత చిక్కనవుతుంది.

సమాధానం 2: విశ్రాంత ఆచార్యుడు

పై వివరణతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేర్చదలచాను. ఈ ఉదాహరణ విన్న పిల్లలు "హైడ్రోజన్ బంధం ఉంటే బలం, లేకుంటే బలహీనం" అని రాసుకుని వెళ్లిపోతారు. ముప్పై ఏళ్లకు పైగా జవాబు పత్రాలు దిద్దినవాడిగా చెబుతున్నాను, ఈ పొరపాటు ఒకసారి మనసులో నాటుకుంటే తీసివేయడం చాలా కష్టం.

హైడ్రోజన్ బంధాలు లేని వేరుశనగ నూనె కూడా నీటి కంటే 80 రెట్లు చిక్కనైనదే. ఆ చిక్కదనంలో అధిక భాగం లండన్ బలాల వల్ల వచ్చింది. ఎలక్ట్రాన్ మేఘం క్షణక్షణం అటూ ఇటూ ఒరగడం వల్ల పుట్టే ఈ ఆకర్షణను ఫ్రిట్జ్ లండన్ 1930లో క్వాంటం సిద్ధాంతంతో వివరించారు. విడిగా చూస్తే ఇది బలహీనమైనదే, కానీ 18 కార్బన్ల గొలుసు పొడవునా కూడుకుంటే సామాన్యమైనది కాదు. క్లోరోఫాం ధ్రువ అణువు (ఒక వైపు కొద్దిగా ధన, మరో వైపు కొద్దిగా రుణ ఆవేశం ఉన్నది), కార్బన్ టెట్రాక్లోరైడ్ అధ్రువ అణువు. అయినా మొదటిది 61 డిగ్రీల దగ్గర మరిగితే రెండోది 77 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అదనంగా చేరిన క్లోరిన్ తెచ్చిన ఎలక్ట్రాన్ల వల్ల పెరిగిన లండన్ బలాలు, ధ్రువత్వం పోవడం వల్ల కలిగిన నష్టాన్ని మించిపోయాయి.

అణువు ఆకారాన్ని కూడా మరవకూడదు. పెంటేన్ సాదృశ్యాలు (అవే పరమాణువులు వేరు వేరు అమరికల్లో ఉన్న అణువులు) మూడింటి అణుభారం ఒక్కటే. తిన్నని గొలుసు 36 డిగ్రీల దగ్గర, ఒక కొమ్మ ఉన్నది 28 దగ్గర, బంతిలా ముడుచుకున్న నియోపెంటేన్ 9.5 దగ్గర మరుగుతాయి. బంతికి పక్క అణువును తాకే చోటు తక్కువ.

సమాధానం 3: కందెనల విభాగంలో పనిచేసే ఇంజనీరు

ఒక చిన్న చేర్పు. మా తాతగారు ఎడ్లబండి ఇరుసుకు వేసే కందెనను ఆముదంలో గడ్డి మసి కలిపి తయారుచేసేవారు. పల్చని నూనె అయితే బండి బరువుకు ఇరుసు మీది నుంచి పక్కకు జారిపోతుందని చెప్పేవారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు విమానాల రోటరీ ఇంజన్లలోనూ ఆముదమే వాడారు. ఆ ఇంజన్లలో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం క్రాంక్ గది గుండానే పోయేది. ఖనిజ నూనె అయితే పెట్రోలులో కలిసిపోయి పల్చబడుతుంది. ఆముదం పెట్రోలులో అంత తేలికగా కరగదు. దీనికీ ఆ హైడ్రాక్సిల్ సమూహమే కారణం. కాబట్టి పైవారు చెప్పిన ఒక్క చిన్న సమూహం చిక్కదనాన్నే కాకుండా, ఆ నూనె దేనితో కలుస్తుందో కూడా నిర్ణయిస్తున్నది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. తుమ్మకంప పోలిక రేపే చెబుతాను. అయితే నీటి సంగతి ఇంకా తేలలేదు. నీటి అణువుకు రెండు హైడ్రోజన్లు, ఆక్సిజన్ మీద రెండు ఒంటరి జంటలు (బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ జంటలు) ఉన్నాయి. అంటే నాలుగు వైపులా పట్టు ఉన్న అణువు అది. తుమ్మకంపలో అంతకు మించిన ముళ్లు ఎక్కడివి?

సమాధానం 1 ఇచ్చినవారు

మీరు అడగవలసిన చోటనే అడిగారు. చిక్కు "బలం" అన్న మాటలో ఉంది. దాన్ని ఒకే అంకెగా భావించడం వల్ల మూడు ధర్మాలూ కలిసి పెరగాలని మనకు అనిపిస్తుంది. నిజానికి ఒక్కో ధర్మం ద్రవాన్ని ఒక్కో వేరు ప్రశ్న అడుగుతుంది.

మరగడం అంటే అణువు తోటి అణువులన్నింటినీ పూర్తిగా వదిలి వెళ్లడం. ఇక్కడ నీటికి నాలుగు పట్టులూ వదలాలి, అందుకే అణుభారం 34 ఉన్న హైడ్రోజన్ సల్ఫైడ్ మైనస్ 60 దగ్గరే మరిగితే, అణుభారం 18 మాత్రమే ఉన్న నీరు 100 డిగ్రీల దాకా ఆగుతుంది. ఈ పోలికను నూనెలకు వర్తింపజేయకండి, అవి మరిగే లోపే విచ్ఛిన్నమవుతాయి.

పారడానికి అణువు అందరినీ వదలనక్కరలేదు, పొరుగును మార్చుకుంటే చాలు. నీటిలో హైడ్రోజన్ బంధం సెకనులో లక్ష కోట్లవ వంతు ప్రమాణపు కాలంలోనే తెగి, మరో అణువుతో కలుస్తుంది. చిన్న అణువు కాబట్టి చటుక్కున తిరిగి కొత్త చేయి పట్టుకుంటుంది. ముళ్లు ఎన్ని ఉన్నా నీటి అణువు పొట్టి పుల్ల. పొడవైన కొమ్మ కాదు. ఆముదం అణువు మూడు పొడవాటి గొలుసులతో తిరగాలి, ఒక పట్టు వదిలినా మిగతా రెండూ దాన్ని ఆపుతాయి. అందుకే నీటి స్నిగ్ధత 20 డిగ్రీల దగ్గర 1 సెంటీపాయిజ్ మాత్రమే.

తలతన్యత అడిగేది వేరు: ఉపరితలం మీది అణువును లోపలి అణువులు ఎంత లాగుతున్నాయి? ఇక్కడ నీరు సెంటీమీటరుకు 72.8 డైన్లతో ముందుంటే, అంత చిక్కని ఆముదం 40 డైన్లకు లోపే ఉంటుంది. ఆముదం గాలి వైపు తన కార్బన్ గొలుసులను ఉంచి, హైడ్రాక్సిల్ సమూహాలను లోపలికి దాచుకోగలదు. నీటికి అలా దాచుకునే భాగమే లేదు. నిండు గ్లాసులో నీరు అంచుకు పైన గోపురంలా నిలవడం పిల్లలకు చూపించి, పక్కనే ఆముదం పలకను పెడితే, చిక్కదనం వేరు, ఉపరితలపు బిగువు వేరు అని మాటలతో పని లేకుండానే తెలుస్తుంది.

వీలైతే మందుల దుకాణంలో దొరికే గ్లిజరిన్‌ను (అంటే గ్లిజరాల్‌నే) కూడా తీసుకెళ్లండి. చిన్న అణువు మీద మూడు హైడ్రాక్సిల్ సమూహాలు ఉన్న ఈ ద్రవం మూడు ప్రశ్నలకూ ఎక్కువ అంకెలతోనే జవాబిస్తుంది: స్నిగ్ధత 1,400 సెంటీపాయిజ్‌లు, తలతన్యత 63 డైన్లు, మరిగే ఉష్ణోగ్రత 290 డిగ్రీలు. అయితే అది గాలిలోని తేమను పీల్చుకుని పల్చబడుతుంది కాబట్టి, సీసాను తరగతిలోనే తెరవండి. ఆముదాన్ని వేడి చేసి చూపించేటప్పుడు నేరుగా మంట మీద పెట్టకుండా, పరీక్షనాళికను వేడినీళ్ల గిన్నెలో పది నిమిషాలు ఉంచి, ఆ తరువాత అదే పలక మీద చుక్క వేయండి. చల్లని చుక్క, వేడి చుక్క పక్కపక్కనే పడేలా చూసుకోండి. పలక చల్లగా ఉంటే వేడి చుక్క త్వరగా చల్లారిపోతుంది, కనుక ముందుగా పలకను కూడా కాసేపు ఎండలో ఉంచడం మంచిది.