టెంట్‌లో పరుపు కింద రోజూ తడి, వాన లేకపోయినా

కొండగాలి:
వాన లేదు, టెంట్ కుట్లన్నీ వెతికి చూశాను, ఎక్కడా లీకు కనిపించలేదు. అయినా పొద్దున్నే పరుపు ఎత్తితే అడుగంతా చెమ్మ. ఫోమ్ పరుపు, నేరుగా టెంట్ నేల మీదే వేస్తాం, ఇద్దరం పడుకుంటాం. కింద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి కూడా చూశాను, ఏమీ తేడా లేదు. ఇప్పుడు ఒక మూల నల్ల మచ్చలు మొదలయ్యాయి, అదీ అసలు టెన్షన్. ఈ నీళ్లు భూమిలోంచి వస్తున్నాయా? ఇంకేం పరిస్తే ఆగుతుంది?

తడిపొడి:
భూమి మీద అనుమానం వద్దండి, చాలావరకు అవి మీ ఇద్దరి నీళ్లే. ఊపిరి, చెమట కలిపి రాత్రికి ఒక్కో మనిషి ఒంట్లోంచి కొన్ని వందల మిల్లీలీటర్లు ఆవిరిగా పోతాయి. దాంట్లో కొంత ఫోమ్‌లోంచి కిందికి దిగుతుంది, అడుగున చల్లటి నేల తగలగానే నీరైపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టే. లెక్క కావాలంటే, గాలి 20 డిగ్రీల వేడి, 70 శాతం తేమతో ఉన్నప్పుడు దాదాపు 14 డిగ్రీలు, అంతకన్నా చల్లగా ఉన్న దేనికి తగిలినా నీళ్లు కడతాయి, రాత్రిపూట నేల అంతకన్నా చల్లబడటం మామూలే. టెంట్ నేల ఎలాగూ ఆవిరిని పోనివ్వదు, దానిమీద ఇంకో ప్లాస్టిక్ వేస్తే ఏం లాభం?

నమ్మకం కుదరకపోతే పరుపు వేసే చోట చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టి, నాలుగు అంచులూ టేపుతో నేలకి అతికించి పడుకోండి. పొద్దున ముక్క పైన తడి ఉంటే మీ నుంచి వచ్చింది, ముక్క కింద ఉంటే నేల నుంచి వచ్చింది. తడి మనిషి పడుకున్న మేర కాకుండా టెంట్ గోడల వెంట ఉంటే మాత్రం లీకు సంగతి మళ్లీ చూడాల్సిందే.

వెదురుకర్ర:
కింద గాలి ఆడాలి, అంతే. పరుపు అడుగున వేసే మెష్ మ్యాట్ దొరుకుతుంది, వేలి మందం ఉంటుంది, లోపలంతా ప్లాస్టిక్ దారాలు చిక్కుపడి ఉంటాయి, మనిషి పడుకున్నా పూర్తిగా అణగదు. లేదా మడత పెట్టే చెక్క పట్టీలు. నేను కారు మీద బిగించే టెంట్‌లో మెష్ వాడుతున్నాను, పరుపు పొడిగానే ఉంటోంది.

రాతినేల:
కారు మీద టెంట్‌కి సరే, అక్కడ కింద చెక్కో అల్యూమినియమో ఉంటుంది, మెష్ పనికొస్తుంది. నేల మీద వేసే టెంట్‌లో మాత్రం చలికాలంలో ఆ సందులోకి చల్లగాలి దూరి నడుము బిగుసుకుపోతుంది, పైగా మెష్ కింద నేలమీద నీళ్లు కట్టడం ఆగదు, పరుపుకి అంటకుండా ఉంటాయి అంతే. నా ఓటు నీళ్లు పీల్చని గట్టి ఫోమ్ షీట్లకి, వ్యాయామానికి పరుస్తారే, అలాంటివి. నేల చలి పరుపుదాకా రాకపోతే ఆవిరి నీరయ్యే అవకాశమే తగ్గుతుంది. ఉత్త మెరిసే రేకు షీటు మాత్రం కొనకండి, మందం లేనిది చలిని ఏం ఆపుతుంది?

వీటన్నిటికన్నా ముందు టెంట్ పైన ఒక కిటికీ, దానికి ఎదురుగా కింద ఒకటి తెరిచి పడుకోండి. చలి అని అన్నీ మూసేసి, లోపలే తడి బట్టలు ఆరేసి, కింద ఎన్ని పరిచినా దండగ. లోపల స్టవ్ అసలే వెలిగించొద్దు, కిలో గ్యాస్ కాలితే కిలోన్నరకి పైగా నీరు పుడుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణానికే ముప్పు.

కొండగాలి:
టేపు పరీక్ష చేశాను, తడి ముక్క పైనే ఉంది. గట్టి ఫోమ్ తెస్తాను. పరుపు కింద సిలికా జెల్ పొట్లాలు పెడితే? మచ్చల సంగతి?

తడిపొడి:
సిలికా జెల్ తన బరువులో మూడోవంతుకి కాస్త అటూఇటూగా పీలుస్తుంది, ఇద్దరు మనుషుల తేమకి అది ఏ మూలకి? పెట్టెలో కెమెరాకి బాగుంటుంది. మచ్చలు బూజువి. కవరు విప్పి, అది తట్టుకునేంత వేడినీళ్లతో ఉతికి ఎండలో ఆరేయండి, ఫోమ్‌ని విడిగా ఆరబెట్టండి. బూజు ఫోమ్ లోపలిదాకా పాకి వాసన వస్తుంటే పారేయడమే మేలు, పైపైన తుడిస్తే పోదు.

రాతినేల:
పొద్దున లేవగానే పక్క చుట్టేయకుండా పరుపుని నిలబెట్టి రెండు వైపులా గాలి తగలనివ్వండి. తడితో చుట్టి సంచీలో కుక్కితే ఏ ఫోమైనా బూజు పడుతుంది.