గుంటూరు దగ్గర్లో బండరాళ్లుండే బీచ్ ఉందా? సాయంత్రం నడకకి

బ్రాడీపేట అమ్మాయి:
గుంటూరు, విజయవాడ వాళ్లు కాస్త చెప్పండి. సముద్రం అంటే మాకు తెలిసింది సూర్యలంక ఒక్కటే. సెలవొస్తే చాలు, అక్కడంతా కార్లు, స్పీకర్లు, మొక్కజొన్న పొత్తుల పొగ. నాకు కావాల్సింది అది కాదు. పెద్ద బండలుండాలి, అలలు వచ్చి వాటికి కొట్టుకోవాలి, జనం పెద్దగా ఉండకూడదు. ఎండ తగ్గాక ఓ గంట నడిచి, కాసేపు కూర్చుని వచ్చేస్తాం. నీళ్లలో దిగే ఉద్దేశం లేదు. నాన్నగారు కూడా వస్తానంటున్నారు. ఆయనకి అరవై దాటాయి. రోజూ ఎన్టీఆర్ స్టేడియంలో నడుస్తారు గానీ ఒక మోకాలు అప్పుడప్పుడు పేచీ పెడుతుంది. బాపట్ల నుంచి మచిలీపట్నం వరకు ఇలాంటి చోటు ఎక్కడైనా ఉందా? ఉంటే చీకటి పడే వేళ అక్కడ ఉండొచ్చా?

పట్నంబజారు:
సీతానగరం వైపు కృష్ణ ఒడ్డుకి వెళ్లండి. కొండ ఉంది, నీళ్లున్నాయి. వచ్చేటప్పుడు మంగళగిరిలో నరసింహస్వామి దర్శనం కూడా అయిపోతుంది.

చీరాల కోడలు:
మా వైపు ఓడరేవు, రామాపురం అంతా ఇసుకేనండి. రాయి కావాలంటే ఇంట్లో రోలు చూసుకోవాల్సిందే.

ఆటోనగర్ మెకానిక్:
బాపట్ల నుంచి మచిలీపట్నం దాకా వెతకొద్దమ్మా, దొరకదు. అదంతా కృష్ణమ్మ వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు. కొండలు మనకి ఇంద్రకీలాద్రి, ఉండవల్లి, మంగళగిరి దగ్గరే ఆగిపోయాయి. అక్కణ్నుంచి సముద్రం దాకా పొలాలే. సూర్యలంకలో ఇసుక, మంగినపూడిలో నల్ల బంకమట్టి, హంసలదీవి వైపు మడ అడవులు. హంసలదీవి బాగుంటుంది గానీ నది సముద్రంలో కలిసే చోట లాగుడు ఎక్కువ. పొద్దు వాలాక అక్కడ తిరగమని నేనైతే చెప్పను.

నేను గాజువాకలో చాలా ఏళ్లు పనిచేసి విజయవాడ వచ్చినవాణ్ని, కాబట్టి నా ఓటు విశాఖకే. మన రాష్ట్రంలో తూర్పు కనుమలు నేరుగా సముద్రంలోకి దిగినట్టు కనిపించేది ఆ చుట్టుపక్కలే. తమాషా ఏంటంటే దుర్గమ్మ కొండ రాయీ, అక్కడి రాయీ ఒకే జాతి. ఖోండలైట్ అంటారు. బస్సులో పోతూ ఇక్కడ చూసే ఆ తుప్పు రంగు బండే అక్కడ అలల మధ్య నిలబడి ఉంటుంది.

అందరూ యారాడ పేరు చెప్తారు. మూడు వైపులా కొండలు, అందానికి వంక పెట్టలేం. కానీ ఆ కొండల వల్లే ఎండ తొందరగా పోతుంది. వెనక్కి రావాలంటే మళ్లీ కొండ రోడ్డు ఎక్కాలి. పెద్దాయనతో అయితే భీమిలి బీచ్ రోడ్డులో తొట్లకొండ కింద ఉన్న మంగమారిపేట నయం. రోడ్డు పక్కనే ఇసుక, ఇసుక దాటితే బండలు. ఆ బండల్లోనే అలలు తొలిచిన శిలాతోరణం ఉంది. ఆదివారాలు తోరణం దగ్గర ఫొటోల వాళ్లుంటారు. వారం మధ్యలో వెళ్లి, అక్కణ్నుంచి కాస్త పక్కకి నడిస్తే జనం పలచబడతారు.

ఏ రోజు వెళ్తారనేది ఇంకా ముఖ్యం. దీనికి గోడ మీద క్యాలెండర్ చాలు. శుక్ల అష్టమి నుంచి దశమి లోపు పెట్టుకోండి. పౌర్ణమికి, అమావాస్యకి పోటు బాగా పైకెక్కుతుంది, పాటు బాగా దిగిపోతుంది. వెళ్లేటప్పుడు పొడిగా ఉన్న దారి వచ్చేటప్పటికి నీళ్లలో ఉండొచ్చు. అష్టమి దాటిన ఒకటి రెండు రోజుల్లో ఆ తేడా తక్కువ. పైగా శుక్లపక్షం కాబట్టి పొద్దు గుంకేసరికే చంద్రుడు పైన ఉంటాడు, దారి కనపడుతుంది. కృష్ణపక్షం అష్టమి అయితే ఆయన వచ్చేది అర్ధరాత్రికి, మనకేం లాభం? అష్టమి, నవమి ప్రయాణాలేంటని నాన్నగారు అంటే దశమికి పెట్టండి, గొడవే లేదు.

రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. మర్నాటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. అందుకని పోయిన వారం ఎవరో పెట్టిన టైము మీకు పనికిరాదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్ల సైటులో సముద్రం పరిస్థితి, పెద్ద అలల హెచ్చరికలు వస్తాయి. బయల్దేరే రోజు చూసుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అలలు మోటుగా ఉంటాయి, ఆ తర్వాత తుపాన్ల టెన్షన్. జనవరి, ఫిబ్రవరి హాయి.

ఇంకోటి. అక్కడ సూర్యుడు సముద్రంలో అస్తమించడు, మన వీపు వెనక కొండల వైపు దిగుతాడు. విశాఖలో పొద్దు గుంకడం కూడా మనకంటే పది నిమిషాలు ముందే. జనవరిలో ఆరు కూడా కాదు. నాలుగింటికల్లా అక్కడుండి, ఎండ కొండ చాటుకి పోగానే బండల మీంచి లేచి ఇసుక మీదికి వచ్చేయండి. ఆ తర్వాత ఎంతసేపైనా ఇసుక మీద కూర్చోవచ్చు.

బ్రాడీపేట అమ్మాయి:
చాలా థాంక్స్ అండి. ఇంత వివరంగా ఎవరూ చెప్పరు. బండల మీద ఎక్కడ కూర్చోవచ్చో ఎలా తెలుస్తుంది? నాన్నగారికి జారితే కష్టం.

ఆటోనగర్ మెకానిక్:
రాయే చెప్తుంది. అడుగున ఆకుపచ్చగా నాచు ఉంటుంది. దాని పైన తెల్లగా, గరుగ్గా, గోరంత పెంకులు గుంపులుగా అతుక్కుని ఉంటాయి. దగ్గరగా చూస్తే ఒక్కోటీ మూతి తెరుచుకున్న బుల్లి కుండలా ఉంటుంది. ఆ పైన ఉత్త రాయి. పెంకులున్నంత ఎత్తు వరకు నీళ్లు వచ్చి పోతుంటాయని లెక్క. వాటికి బాగా పైన, పొడిగా ఉన్న బండ మీదే కూర్చోండి. పెంకుల మీద చెయ్యి ఆనిస్తే కోసుకుంటుంది. నాచు మీద కాలు పెడితే మనం కూర్చునే దాకా కూడా ఆగదు, అదే కూర్చోబెడుతుంది. హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉండి అడుగు అరగని శాండల్స్ వేయించండి.

బండలెక్కే ముందు పది నిమిషాలు ఇసుక మీదే నిలబడి చూడండి. చిన్న అలలు వస్తూ వస్తూ ఉండగా పెద్దవి ఒక వరస వస్తాయి. సెల్ఫీల వాళ్లని తడిపేది ఆ వరసే. సముద్రానికి వీపు పెట్టి ఎవరూ నిలబడొద్దు, మీరైనా సరే. నాన్నగారిది మోకాలి సమస్య కాబట్టి ఎక్కడం కంటే దిగడం దగ్గర జాగ్రత్త. ఆయన ఒక్క బండ ఎక్కి కూర్చుంటే చాలు, మీరు అటూ ఇటూ తిరిగి రండి.

చీరాల కోడలు:
నాదొక మాట. జనం లేని చోటు అంటే మరీ రోడ్డు కనపడనంత దూరం పోకండి. బీచ్ రోడ్డు మీద బండ్ల లైట్లు కనపడుతూ ఉండాలి. ఫోన్ ఉన్నా విడిగా టార్చి పట్టుకెళ్లండి. అన్నట్టు, సూర్యలంకని మరీ తీసిపారేయొద్దు. మామూలు రోజు తెల్లవారుజామున వెళ్లి చూడండి, మీరన్న స్పీకర్లు ఒక్కటీ ఉండవు.

పట్నంబజారు:
గంట నడవడానికి గుంటూరు నుంచి 380 కిలోమీటర్లు పోవాలా! సీతానగరం అనే నా మాట ఎవరూ పట్టించుకోలేదు.

ఆటోనగర్ మెకానిక్:
పట్టించుకున్నాం సార్. బాగుంటుంది, కాదనను. కానీ ఆవిడ అడిగింది బండకి కొట్టుకునే అల. బ్యారేజీ దగ్గర నిలబడ్డ కృష్ణలో అది ఎక్కణ్నుంచి తెస్తాం?

బ్రాడీపేట అమ్మాయి:
నాన్నగారికి మొత్తం చదివి వినిపించాను. సప్తమి నాడు విజయవాడలో రత్నాచల్ రైలు ఎక్కుదాం, అష్టమి, నవమి అక్కడే ఉందాం, దశమికి తిరిగొద్దాం అన్నారు. అప్పుడు ప్రయాణం దోషం లేదట! మరి మూడు రాత్రులవుతాయి. పగటిపూట ఏం చేయాలి?

ఆటోనగర్ మెకానిక్:
పెద్దాయన లెక్క నా లెక్క కంటే బాగుంది. రత్నాచల్ మధ్యాహ్నానికి దింపుతుంది, ఆ సాయంత్రం రూములో రెస్ట్ తీసుకోండి. అష్టమి పొద్దున తొట్లకొండ ఎక్కండి. పైన బౌద్ధ ఆరామం శిథిలాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి. దాదాపు పైదాకా బండి వెళ్తుంది, మోకాలికి ఇబ్బంది ఉండదు. నీడ తక్కువ, ఎండ ముదరకముందే దిగేయండి. సాయంత్రం మీరు నడవబోయే బండలు ఎటు వైపున్నాయో పైనుంచే చూసుకోవచ్చు. దశమి నాటి తిరుగు టికెట్లు ఇప్పుడే తీసేసుకోండి. సంక్రాంతి వారం తగిలిందంటే మాత్రం సీటు దొరకదు.